క్షిపణి రహస్యం సరే, లెక్కల రహస్యం ఎందుకు?

2018 మార్చిలో రక్షణ శాఖ పనితీరు చూసే ఎంపీల స్థాయీ సంఘం పార్లమెంటుకు ఒక నివేదిక ఇచ్చింది. అప్పటి ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ సంఘం ముందు చెప్పిన విషయాలు అందులో ఉన్నాయి. సైన్యం చేతిలో ఉన్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుది. 24 శాతం నేటి అవసరాలకు సరిపోయేది. అత్యాధునికం అనదగ్గది 8 శాతమే. ఆ ఏడాది ఆధునికీకరణకు బడ్జెట్‌లో ఇచ్చింది 21,338 కోట్ల రూపాయలు. అప్పటికే నడుస్తున్న 125 పథకాలకు, అత్యవసర కొనుగోళ్ళ వంటివాటికి కట్టాల్సిందే 29,033 కోట్లు. అంటే కొత్తగా ఒక్క తుపాకీ కొనకముందే ఏడున్నర వేల కోట్లకు తగ్గకుండా లోటు. జీతం కంటే ఈఎంఐలు ఎక్కువైన ఇంటి పరిస్థితి అది. ఈ బడ్జెట్ తమ ఆశల మీద నీళ్ళు చల్లిందని ఒక సైనికాధికారి ఎంపీల ఎదుట కూర్చుని చెప్పడం మామూలు విషయం కాదు.

మరి సభ ఏం చేసింది? అదే వారంలో లోక్‌సభ గ్రాంట్ల డిమాండ్లన్నిటినీ కలిపి అరగంటలో చర్చ లేకుండా ఆమోదించింది. పార్లమెంటు భాషలో దీన్ని గిలెటిన్ అంటారు. గడువు ముంచుకొచ్చినప్పుడు, చర్చకు రాని శాఖల పద్దులన్నిటినీ ఒకే మూటగా కట్టి ఓటుకు పెట్టేస్తారు. రక్షణ పద్దు కూడా ఆ మూటలోనే వెళ్ళిపోయింది. ఆ నివేదిక తెచ్చిన సంఘానికి అధ్యక్షుడు బి.సి.ఖండూరి. ఆయన మాజీ మేజర్ జనరల్, పైగా అధికార పార్టీ ఎంపీ. అదే ఏడాది సెప్టెంబరులో సంఘాన్ని మళ్ళీ ఏర్పాటు చేసినప్పుడు ఆయన స్థానంలో కల్‌రాజ్ మిశ్రా వచ్చారు.

దేశ రక్షణ ప్రాజెక్టుల మీద చట్టసభల పర్యవేక్షణ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదంతం దాదాపు సరిపోతుంది. అడిగే వేదిక ఉంది, నిజం చెప్పే అధికారులూ ఉన్నారు. ఆ నిజం సంఘం గది దాటి సభలోకి వచ్చేసరికి దాన్ని పట్టించుకునే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో మొదలయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు చోటు లేదు. పద్దులు, బిల్లులు, వార్షిక నివేదికలు, దీర్ఘకాల విధానాలు చూస్తారు. శాఖ రోజువారీ పనుల్లో వేలు పెట్టకూడదు. వీటికంటే పాతది ప్రజా పద్దుల సంఘం, అందరూ పీఏసీ అనేది. 22 మంది సభ్యులున్న ఈ సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష ఎంపీ అధ్యక్షత వహించడం ఆనవాయితీ. ఖర్చయిపోయిన డబ్బు మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ వ్యవస్థ కాగ్ ఇచ్చే నివేదికలే దీనికి ముడిసరుకు. విమానాలు కట్టే హెచ్‌ఏఎల్, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ వంటి ప్రభుత్వ సంస్థల్ని చూడటానికి ప్రభుత్వ రంగ సంస్థల సంఘం వేరే ఉంది. కాగితం మీద చూస్తే ఎక్కడా లోటు కనపడదు.

లోటు తెలియాలంటే ఆ నివేదికలు తెరవాలి. రక్షణ స్థాయీ సంఘం నివేదికల్లో చాలాచోట్ల అంకె ఉండాల్సిన చోట చుక్కల గుర్తులు కనిపిస్తాయి. వాక్యం మొదలవుతుంది, మధ్యలో మూడు చుక్కలు, తర్వాత మళ్ళీ వాక్యం. సంఘానికి చెప్పిన అంకెను ప్రజలకు చెప్పకూడదని అక్కడ కొట్టేశారన్నమాట. కొన్నిసార్లు ఆ మాత్రం కూడా దక్కదు. దేశ భద్రతకు, ప్రయోజనాలకు భంగం అనుకుంటే ప్రభుత్వం ఏ పత్రాన్నైనా సంఘానికి ఇవ్వకుండా ఆపుకోవచ్చని లోక్‌సభ నియమం 270 చెబుతుంది. భంగమా కాదా అని తేల్చేది కూడా ప్రభుత్వమే. పైగా సంఘం ఆయుష్షు ఒక్క ఏడాది. రాడార్‌కూ, క్షిపణి ముక్కులో ఉండి లక్ష్యాన్ని వెతికే సీకర్‌కూ తేడా తెలిసేసరికే సభ్యుడి గడువు అయిపోతుంది. ఇంజినీర్లు, ఖర్చు లెక్కల నిపుణులు అంటూ సొంత సిబ్బందీ లేరు. సిఫార్సులు సలహాలే తప్ప ఆదేశాలు కావు. రక్షణ మూలధనానికి, ఏడాది ముగిసినా మురిగిపోని నిధి పెట్టమని ఈ సంఘం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. 15వ ఆర్థిక సంఘం కూడా అదే చెప్పింది. సూత్రప్రాయంగా సరేనన్నారు, నిధి మాత్రం రాలేదు. 2024-25లో రక్షణ మూలధనానికి 1.72 లక్షల కోట్లు కేటాయించి, సవరించిన అంచనాల్లో దాన్ని 1.595 లక్షల కోట్లకు తగ్గించారు. ఆయుధాలు లేవని ఒకపక్క ఆందోళన, ఖర్చు కాని డబ్బు వెనక్కి పోవడం ఇంకోపక్క.

రహస్యం అవసరమే లేదని ఎవరూ అనరు. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ చౌరస్తా, కంచన్‌బాగ్ మీదుగా తిరిగేవాళ్ళకు ఆ పొడవాటి ప్రహరీ గోడలు, గేట్ల దగ్గర తనిఖీలు బాగా తెలుసు. 1983లో 388 కోట్ల రూపాయలతో మొదలైన క్షిపణి కార్యక్రమానికి కేంద్రం అక్కడి ప్రభుత్వ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్. క్షిపణి ఎంత దూరం వెళ్తుంది, ఏ తరంగం మీద పనిచేస్తుంది, ఏ జామర్‌కు లొంగుతుంది అన్నవి శత్రువుకు తెలియకూడదు. ఆ గోడలు ఉండాల్సిందే. అయితే ఒక ప్రాజెక్టు ఎన్నేళ్ళు ఆలస్యమైంది, ఖర్చు ఎన్ని రెట్లు పెరిగింది అన్నవి అలాంటి రహస్యాలు కావు. మన యుద్ధ విమానాల స్క్వాడ్రన్లు 42 ఉండాల్సిన చోట 29కి పడిపోయాయన్న సంగతి ప్రపంచమంతటికీ తెలుసు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికిన రోజు పేపర్లన్నీ ఆ లెక్క రాశాయి. ఇవాళ మన దగ్గర ఈ రెండు రకాల సమాచారాన్నీ ఒకే తాళం వేసి దాచేస్తున్నారు.

ఆకాశ్ క్షిపణి సంగతే చూద్దాం. దాన్ని రూపొందించింది డీఆర్‌డీఎల్, క్షిపణిని తయారుచేసేది బీడీఎల్, రెండూ హైదరాబాద్‌వే. వైమానిక దళం కోసం మొత్తం వ్యవస్థను కూర్చి అందించే బాధ్యత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్‌ది. 2017 జులైలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, పరీక్షించిన 20 క్షిపణుల్లో 6 విఫలమయ్యాయని చెప్పింది. అంటే 30 శాతం. కొన్ని లక్ష్యం చేరకుండానే పడిపోయాయి, కొన్నిటికి వేగం చాల్లేదు, కీలకమైన భాగాలు సరిగా పనిచేయలేదు. వాటిని మోహరించాల్సిన ఆరు స్థావరాల్లో అనుకున్న గడువుకు ఒక్కచోటా పెట్టలేదని కూడా అందులోనే ఉంది. అప్పట్లో టీవీల్లో పెద్ద గోల జరిగింది. దేశం పరువు తీస్తున్నారని కొందరు కాగ్‌నే తిట్టారు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. 2025 మే నెలలో పాకిస్తాన్ నుంచి వచ్చిన డ్రోన్లను, క్షిపణులను అడ్డుకున్న గగనతల రక్షణ వ్యవస్థలో ఆకాశ్ కూడా ఒకటిగా నిలిచింది. కాగ్ తప్పు పట్టడం వల్లే ఆకాశ్ బాగుపడిందని చెప్పడానికి ఆధారం లేదు. కానీ లోపం బయటపడటం వల్ల ఆకాశ్ చెడిపోలేదన్నది మాత్రం కళ్ళ ముందున్న నిజం. లోపాన్ని కాగితం మీద పెట్టడానికీ, దేశాన్ని బలహీనపరచడానికీ ముడిపెట్టే వాదన ఇక్కడ నిలబడలేదు.

అయినా గెలిచింది ఆ వాదనే. 2017లో సైన్యం మందుగుండు నిల్వల కొరత మీద కాగ్ ఇచ్చిన నివేదిక చైనాతో డోక్లాం ఉద్రిక్తత నడుస్తున్న రోజుల్లోనే బయటికి వచ్చింది. ఆ తర్వాత రక్షణ ఆడిట్ నివేదికలను కాగ్ తన వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. విదేశీ రాజధానుల్లో కూర్చున్నవాళ్ళు ఒక్క క్లిక్‌తో చదివేయకూడదన్నది అప్పటి కాగ్ రాజీవ్ మెహరిషి ఇచ్చిన వివరణ. పార్లమెంటులో ప్రవేశపెడుతున్నాం కదా, దాచడం ఏముందని కూడా అడగవచ్చు. కానీ సభలో పెట్టిన కాగితం గూఢచారికి దొరకదా? ఆపాటి ఓపిక ఉన్న శత్రువుకు అది అడ్డంకే కాదు. అడ్డంకి ఎవరికంటే, విశాఖలోనో వరంగల్‌లోనో కూర్చుని చదవాలనుకునే విద్యార్థికి, విలేకరికి, రిటైరైన ఇంజినీరుకు. ఎంపీకి ప్రశ్న అందించేది సాధారణంగా ఇలాంటివాళ్ళే.

ఫ్రాన్స్ నుంచి కొన్న రాఫెల్ యుద్ధ విమానాల వ్యవహారంలో ఈ యంత్రాంగం ఎంత పలచగా ఉందో అందరూ చూశారు. 36 విమానాల కోసం 2016 సెప్టెంబరులో 7.87 బిలియన్ యూరోల ఒప్పందం కుదిరింది. ధరల వివరాలను కాగ్‌కు ఇచ్చారని, కాగ్ నివేదికను పీఏసీ పరిశీలించిందని, అందులో కొంత భాగాన్నే పార్లమెంటు ముందు పెట్టారని 2018 డిసెంబరు 14న సుప్రీంకోర్టు తన తీర్పు 25వ పేరాలో రాసింది. అప్పటికి అలాంటి కాగ్ నివేదికే పార్లమెంటుకు రాలేదు. తన దగ్గరికి రాని నివేదికను తాను ఎప్పుడు పరిశీలించానని పీఏసీ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే నిలదీశారు. మర్నాడే కేంద్రం కోర్టులో సవరణ కోరుతూ దరఖాస్తు వేసింది. సీల్డ్ కవర్‌లో తాము రాసింది కాగ్ నివేదికలను పీఏసీ పరిశీలించే పద్ధతి గురించేనని, కోర్టు దాన్ని జరిగిపోయిన పనిగా అర్థం చేసుకుందని చెప్పింది. చూడటానికి ఇది వ్యాకరణం తగాదా. లోపల ఉన్న విషయం చాలా పెద్దది. పార్లమెంటు సంఘం ఒక ఒప్పందాన్ని పరిశీలించిందన్న భరోసా మీద దేశ అత్యున్నత న్యాయస్థానం కొంత బరువు మోపింది, ఆ పరిశీలన మాత్రం జరగనే లేదు.

ఆ నివేదిక చివరికి 2019 ఫిబ్రవరి 13న వచ్చింది. 16వ లోక్‌సభ చివరి సమావేశాల చివరి రోజు అది. ధర పాత ప్రతిపాదన కంటే 2.86 శాతం తక్కువని కాగ్ తేల్చింది కానీ, ఆ లెక్క ఎలా వచ్చిందో చూపించే అంకెలను రక్షణ శాఖ పట్టుబట్టడంతో చెరిపేసింది. ఆ సభ మళ్ళీ కూర్చోలేదు. కాగ్ నివేదికలను సభ ముందు పెట్టించాలని రాజ్యాంగం 151వ అధికరణం చెబుతుందే తప్ప ఎన్ని రోజుల్లోపు అన్నది చెప్పదు. ఈ చిన్న ఖాళీని అన్ని పార్టీల ప్రభుత్వాలూ వాడుకున్నాయి.

నివేదిక సమయానికి వస్తే ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకు బాగా గుర్తుండాలి. స్వీడన్ శతఘ్నుల కోసం బోఫోర్స్ ఒప్పందం కుదిరింది 1986లో. 1987లో వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని ప్రతిపక్షాలు బహిష్కరించాయి, అది తప్పేమీ లేదని తేల్చింది. 1989 జులైలో కాగ్ నివేదిక మాత్రం కొనుగోలు ప్రక్రియను తప్పు పట్టింది. వెంటనే ప్రతిపక్ష ఎంపీలు లోక్‌సభకు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. 30 సీట్లతో ఆ సభలో ప్రధాన ప్రతిపక్షం తెలుగుదేశం. నేషనల్ ఫ్రంట్ అధ్యక్షుడు ఎన్టీ రామారావు. ఆ ఏడాది చివర్లో కేంద్రంలో ప్రభుత్వమే మారింది. నివేదికలు ఎన్నికల ముందు ఎందుకు ఆగిపోతాయో ఇప్పటి నాయకులందరికీ అప్పుడే అర్థమై ఉంటుంది. అయితే బోఫోర్స్ వదిలిన చెడ్డ అలవాటు కూడా ఒకటుంది. రక్షణ పర్యవేక్షణ అంటే ముడుపుల వేటే అన్న అభిప్రాయం బలపడిపోయింది. లంచం లేని ఆలస్యం, లంచం లేని వైఫల్యం ఎవరికీ వార్త కాలేదు.

నష్టం ఎక్కువ జరుగుతున్నది మాత్రం అక్కడే. దేశీయ యుద్ధ విమానం తేజస్ ప్రాజెక్టును 1983లో 560 కోట్లతో మంజూరు చేశారు. తొలిసారి గాల్లోకి లేచింది 2001 జనవరి 4న. మొదటి స్క్వాడ్రన్ 2016లో రెండే రెండు విమానాలతో ఏర్పడింది. మంజూరైన మొత్తం 10,397 కోట్లకు చేరిందని, మార్క్-1 రకంలో 53 లోపాలకు మినహాయింపులు ఇచ్చారని 2015లో కాగ్ చెప్పింది. ఆత్మరక్షణ జామర్ పెట్టడానికి విమానంలో చోటే లేదని కూడా రాసింది. దానికోసమే అనుకున్న కావేరీ ఇంజిన్ 1989లో మొదలై, 2008లో తేజస్ నుంచి వేరైపోయింది. 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంటే, 2024లో మొదలవ్వాల్సిన సరఫరా అమెరికా ఇంజిన్లు రాక ఆగింది. సొంత ఇంజిన్ లేకపోవడం ఎంత ఖరీదైన లోటో అప్పుడు మళ్ళీ తెలిసొచ్చింది.

ఇదేదో ఒక్క ప్రాజెక్టు తలరాత కాదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రాజెక్టుల మీద 2022 డిసెంబరులో వచ్చిన కాగ్ నివేదిక 178 ప్రాజెక్టులను పరిశీలిస్తే, 119 మొదటి గడువు దాటాయి. వాటిలో 49కి పట్టిన అదనపు కాలం అసలు గడువు కంటే ఎక్కువ. ఇంకా మనసు కలుక్కుమనే అంకె మరొకటుంది. విజయవంతమయ్యాయని ప్రకటించిన 86 ప్రాజెక్టుల్లో 20 ప్రాజెక్టులు ముఖ్యమైన లక్ష్యాల్లో ఏదో ఒకదాన్ని అందుకోలేదు. విజయం అన్న మాటకు ప్రయోగశాల ఇచ్చే అర్థం ఒకటి, సరిహద్దులో నిలబడ్డ జవాను అనుకునేది ఇంకొకటి. ఆలస్యానికి శాస్త్రవేత్తలనే నిందించడం కూడా అన్యాయం. సైన్యం మధ్యలో అవసరాలు మార్చడం, కొత్తది కనుక్కోవడంలో సహజంగా ఉండే అనిశ్చితి, విదేశీ ఆంక్షలు అన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో తేల్చాల్సింది పార్లమెంటు. తేల్చే సమయానికి మాత్రం అంతా అయిపోయి ఉంటుంది.

అసలు లోటు ఇక్కడే ఉంది. మన వ్యవస్థకు పోస్ట్‌మార్టం చేయడం వచ్చు, జ్వరం ఉన్నప్పుడే థర్మామీటర్ పెట్టడం రాదు. అమెరికాలో 1980ల మొదట్లో నన్-మెక్‌కర్డీ అనే చట్టం తెచ్చారు. ఆయుధ కార్యక్రమం ఖర్చు నిర్ణీత శాతం దాటిందంటే పెంటగాన్ కాంగ్రెస్‌కు తెలియజేయాల్సిందే. ప్రస్తుత అంచనా మీద 25 శాతం పెరిగినా, మొదటి అంచనా మీద 50 శాతం పెరిగినా, ఆ కార్యక్రమం దేశానికి తప్పనిసరి అని రక్షణ మంత్రి రాసిస్తే తప్ప రద్దైనట్టే. 2024 జనవరిలో సెంటినెల్ అనే కొత్త అణు క్షిపణి ఆ గీత దాటింది. 77.7 బిలియన్ డాలర్లు అనుకున్నది దాదాపు 141 బిలియన్లకు, అంటే 81 శాతం పైకి పోతుందని జులైలో తేలింది. ఖర్చు పెరగడానికి పెద్ద కారణం క్షిపణి కాదని, దాన్ని నిలబెట్టే భూగర్భ గోతులు, కేబుళ్ళు, నిర్మాణ పనులని కూడా బయటికి చెప్పారు. కార్యక్రమం ఆగలేదు, రాసిచ్చి కొనసాగించారు. కాబట్టి ఆ చట్టం సర్వరోగ నివారిణి ఏమీ కాదు. కానీ అణు క్షిపణి విషయంలోనే ధర, కారణం బహిరంగంగా చెప్పి కూడా వాళ్ళ రహస్యాలు వాళ్ళు కాపాడుకోగలిగారు.

మనకు అలాంటి గంట ఒకటి కావాలి. ఇన్ని శాతం ఖర్చు పెరిగినా, ఇన్నేళ్ళ గడువు దాటినా రక్షణ శాఖ తనంతట తాను స్థాయీ సంఘానికి నిర్ణీత రోజుల్లోపు కారణం రాసివ్వాలి. ఎవరో ఒక ఎంపీ సరైన ప్రశ్న వేసేదాకా ఆగనక్కర్లేదు. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు, అందులో డీఆర్‌డీఓకు 26,816 కోట్లు ఇచ్చిన సభ ఈ మాత్రం అడగడం అత్యాశ కాదు.

నిజంగా లోపలే ఉండాల్సిన విషయాలకు వేరే దారి ఉంది. విశాఖపట్నంలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో అణు జలాంతర్గాములు తయారవుతున్నాయి. 2009 జులై 26న అరిహంత్‌ను అక్కడే నీటిలోకి దింపారు, 2024 ఆగస్టు 29న అరిఘాత్‌ను నౌకాదళంలో చేర్చారు. వీటికి మొత్తం ఎంత ఖర్చయిందో ప్రజల ముందుకు వివరంగా రాలేదు, వాటి సంచారం గురించి రావాల్సిన అవసరమూ లేదు. బ్రిటన్‌లో గూఢచార సంస్థల కోసం 1994 చట్టంతో ఒక చిన్న సంఘం పెట్టారు. దానిలోని ఎంపీలు అధికార రహస్యాల చట్టానికి కట్టుబడి, మూసిన తలుపుల వెనక అన్నీ వింటారు. అణు జలాంతర్గాముల వంటివాటిని చూడటానికి మన పార్లమెంటులో అలాంటి సంఘం లేదు. 1974లో, 1998లో పోఖ్రాన్ పేలుళ్ళు జరిగాకే సభకు తెలిసింది. పరీక్ష తేదీ ముందు చెప్పకపోవడం సబబే. కానీ దశాబ్దాల పాటు నడిచే నిర్మాణాన్ని ఏ ఎంపీ చూడనక్కర్లేదనడం వేరు.

దాచాల్సిందానికీ చెప్పాల్సిందానికీ మధ్య గీత శ్రీహరికోటలోనూ మసకబారుతోంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సి61, 2026 జనవరి 12న సి62 రెండూ మూడో దశలోనే దెబ్బతిన్నాయి. రెండోది ఎగిరే నాటికి మొదటి వైఫల్యం మీద విచారణ నివేదిక ప్రజల ముందుకు రాలేదు.

ఇక ముందు ముందు అసలు చిక్కు ప్రైవేటు రంగంతో వస్తుంది. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. తేజస్ మార్క్-1ఏ మధ్య భాగాన్ని హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ కట్టి 2025లో హెచ్‌ఏఎల్‌కు అందించింది. మన పిల్లలకు ఉద్యోగాలు వస్తున్నాయి, సంతోషమే. ఐదో తరం యుద్ధ విమానం ఆమ్కా రూపకల్పనకు 2024 మార్చిలో 15,000 కోట్లు మంజూరు చేశారు. దాన్ని తయారుచేయడానికి ప్రైవేటు కంపెనీలూ పోటీ పడవచ్చని 2025 మేలో నిర్ణయించారు. హెచ్‌ఏఎల్ కడితే కాగ్ ఆడిట్ చేస్తుంది, ప్రభుత్వ రంగ సంస్థల సంఘం పిలిచి అడుగుతుంది. ప్రైవేటు కంపెనీ కడితే ఈ రెండు చేతులూ నేరుగా అందవు. ప్రభుత్వం చెల్లించిన బిల్లు కనిపిస్తుంది కానీ, ఆ బిల్లు వెనక ఉన్న అసలు ఖర్చు కనిపించదు. దీనికి దారి లేకపోలేదు. ప్రభుత్వంతో ఆదాయం పంచుకునే ప్రైవేటు టెలికాం కంపెనీల ఖాతాలను కాగ్ చూడవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కంపెనీల నుంచి ప్రభుత్వానికి డబ్బు వస్తుంది, ఇక్కడ ప్రభుత్వం నుంచే కంపెనీకి పోతుంది. కాబట్టి ఆ తీర్పు దానంతటదే ఇక్కడ వర్తిస్తుందని అనుకోకూడదు. కాగ్‌కు ఖాతాలు చూసే హక్కును ఆమ్కా ఒప్పందంలోనే ఒక షరతుగా రాయించాలి. అది రాయాల్సింది సంతకాలకు ముందే. స్థాయీ సంఘం ఆ ముసాయిదాను తెప్పించుకుని చదవాల్సింది కూడా అప్పుడే.